గోడ మీద పిట్టలు... గూడెంలో మూత!

సినిమాల్లో జమీందారుగారి బంగళా ఎలా వుంటుందో మీకు చెప్పక్కర్లేదు. హాలు మధ్య నించి పైకెళ్ళి రెండుగా చీలిపోయే మెట్లు, మెట్ల పక్కన గోడకి దుప్పి తలకాయ, ఓ మూల పియానో (వాయించడానికి హీరో ఎలాగూ వస్తాడు), సోఫా వెనక వరసగా తగిలించిన పింగాణీ పళ్ళేలు! ఆ పళ్ళేలకేసి మీరెప్పుడైనా నిదానంగా చూశారా? చూసి వుండరు. వాటి ముందు హీరోయిన్ నిలబడి వుంటుంది. చూపు అక్కడే ఆగిపోతుంది. తప్పేం లేదు.

నేను మాత్రం పళ్ళేలే చూస్తాను. దానికో కారణం వుంది.

మాది గుండుగొలను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు వస్తుంటే భీమడోలు కంటే కాస్త ముందే తగులుతుంది. ఒకప్పుడు పశ్చిమగోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. హైవే మీద కార్లలో పోయేవాళ్ళకి మా వూరంటే ఓ పచ్చబోర్డు, అంతే. దక్షిణంగా పొలాలూ చేపల చెరువులూ దాటుకుంటూ పోతే కొల్లేరు.

మా పెద్దనాన్నగారిది పాతకాలం మండువా లోగిలి. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో ఓ సినిమా కంపెనీవాళ్ళు ఆ యిల్లు చూసి ముచ్చటపడి నాలుగు రోజులు షూటింగు పెట్టుకున్నారు. కంపెనీ పేరూ, సినిమా పేరూ యిక్కడ అనవసరం లెండి. ప్రాపర్టీస్ చూసే కుర్రాడు యిల్లంతా తిరిగి, వసారా గూట్లో వున్న పళ్ళేలు చూశాడు. "ఇవి గోడకి కొడితే ఫ్రేము నిండుగా వుంటుందండీ" అన్నాడు. పెద్దనాన్న ఉబ్బిపోయి తొమ్మిది పళ్ళేలు తీసి యిచ్చారు.

సినిమా ఏలూరులో రిలీజయింది. మా యింటిల్లిపాదీ పధ్నాలుగు మందిమి బయల్దేరాం. హీరోయిన్ తండ్రి కోపంతో ఊగిపోయే సీన్లో ఆయన భుజం వెనకాల మూడే మూడు క్షణాలు కనిపించాయి. అంతే! మా నాయనమ్మ కుర్చీలోంచి లేచి, "అదిగోరా మన పళ్ళెం!" అని అరిచింది. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ సీన్లో తండ్రి ఏమన్నాడో మా యింట్లో యిప్పటికీ ఎవరికీ తెలీదు.

అన్నట్టు, తొమ్మిదీ తిరిగి వచ్చాయి. కాకపోతే ఒకటి రెండు ముక్కలుగా వచ్చింది. పిట్ట తల ఓ ముక్కలోనూ, తోక రెండో ముక్కలోనూ. పెద్దనాన్న వాటిని పెరట్లో పారేయమన్నారు. నేను పారెయ్యలేదు. పుస్తకాల పెట్టెలో దాచుకున్నాను. నా కలెక్షనుకి శ్రీకారం ఆ రెండు ముక్కలే.

కుర్చీలకి పాడితే పళ్ళేలొచ్చాయి

ఆ పళ్ళేలు మా యింటికెలా వచ్చాయన్న దానికి మావాళ్ళు చెప్పే కథ యిది. కాలవల డిపార్టుమెంటులో పనిచేసిన దొరగారెవరో వూరు విడిచిపోతూ సామాన్లు వేలం వేశారట. మా ముత్తాత కుర్చీల కోసం పాట పాడాడట. కుర్చీలతో పాటు ఓ పెట్టెడు పింగాణీ కూడా అంటగట్టారట. ముత్తవ్వ ఆ పెట్టెని చూసి, "కుర్చీలు చాలు, వాటిని వెనక్కి యిచ్చెయ్యండి" అందట. వెనక్కి తీసుకునే దొర అప్పటికే పడవెక్కేశాడు.

పళ్ళెం ఎలా వుంటుందో చెప్పాలి కదూ? చేతికి బరువు. అంచు చుట్టూ ముదురు నీలం. మధ్యలో ఓ వంకర రాయి, రాయి పక్కన పెద్ద పెద్ద రేకులతో చైనా పూలు, పూలకొమ్మ మీద రెండు పొడుగు తోక పిట్టలు. ఒకటి కిందికి చూస్తుంటుంది, రెండోది మెడ పైకెత్తి దేనికోసమో చూస్తుంటుంది. వెనక కిరీటం, దాని కింద రిబ్బను, యింగ్లీషు అక్షరాలు: మేసన్స్ పేటెంట్ ఐరన్‌స్టోన్ చైనా.

"కుంఫిణీ కాలం నాటివిరా యివి! రెండొందల ఏళ్ళ సరుకు!" అని పెద్దనాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. నేను కాలేజీలో చేరాక వోరోజు లైబ్రరీలో చదువుకొచ్చిన సంగతి ఆయన ముందు పెట్టాను. "పెదనాన్నగారూ, కిరీటం కింద చివర్లో 'ఇంగ్లండ్' అని వుంది చూడండి. 1890లో అమెరికావాళ్ళు తెచ్చిన దిగుమతి సుంకం చట్టం ప్రకారం, 1891 నుంచి అమెరికాకి పంపే సరుకు మీద దేశం పేరు వెయ్యాల్సి వచ్చింది. అప్పట్నించే యింగ్లీషు పింగాణీ మీద ఆ మాట మామూలైంది. కుంఫిణీ అంతకు ముందెప్పుడో పోయింది." ఆయన పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని గూట్లో పెట్టేసి, "నీకు చదువెక్కువైంది" అన్నారు. ఆ తర్వాత కూడా చుట్టాలొస్తే కుంఫిణీ కథే చెప్పేవారు. నేనూ అడ్డం పడలేదు. వినడానికి బాగుండేది.

పేరులోనే వుంది యినుము

ఈ ఐరన్‌స్టోన్ సంగతి కాస్త చెప్పుకుందాం. ఇంగ్లండు గొప్పింటివాళ్ళకి చైనా పింగాణీ అంటే పిచ్చి. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో తేయాకుతో పాటు పింగాణీ కూడా దిగేది. 1791లో కంపెనీ ఆ పింగాణీని పెద్ద ఎత్తున తేవడం మానేసింది. లండన్లో చైనా సరుకు అమ్ముకుని బతుకుతున్న మైల్స్ మేసన్ అనే వర్తకుడికి చేతిలో పని పోయింది. బేరం పోతే సరుకు తనే తయారు చెయ్యాలనుకున్నాడు. ఆయన కొడుకు చార్లెస్ జేమ్స్ మేసన్ 1813లో స్టాఫర్డ్‌షైర్లో పధ్నాలుగేళ్ళ పేటెంటు తీసుకుని వదిలిందే యీ 'పేటెంట్ ఐరన్‌స్టోన్ చైనా'.

పేటెంటు కాగితంలో యినుపరాతి చిట్టెం పొడి కలుపుతామని రాసుకున్నాడు గానీ, యీ సరుకు గట్టిదనానికీ యినుముకీ సంబంధం లేదు. మంచి మట్టి, చెకుముకి రాయి పొడి, కార్న్‌వాల్ రాయి పొడి కలిపి, లోపలి సందులన్నీ పూడుకుని రాయిలా బిగిసేదాకా కాలిస్తే వచ్చే గట్టిదనం అది. మన ఆవకాయ జాడీలో వున్న సుగుణమే! మట్టి బాగా కాలి బిగిసింది కాబట్టే జాడీ నూనె పీల్చుకోదు. కాకపోతే 'ఐరన్' అన్న మాటలో వో దమ్ముంది. టైటిలే సగం సినిమా నడిపిస్తుందని సినిమావాళ్ళకి చెప్పాలా?

ఈ మేసన్ సామాన్యుడు కాడు. పళ్ళేలూ గిన్నెలతో ఆగక, ఐరన్‌స్టోనుతో చలిమంటల గూళ్ళకి నిలువెత్తు అలంకారాలూ, మంచం కోళ్ళూ కూడా పోయించాడు! ఆఖరికి 1848లో దివాలా తీశాడు. ఆ అచ్చులూ రాగిరేకులూ చేతులు మారి ఆష్‌వర్త్ సోదరులకి చేరాయి. వాళ్ళు కూడా మేసన్ ముద్రే వేస్తూ అవే డిజైన్లు తీశారు. మా యింటివి వాళ్ళ కాలం నాటివే. 1968లో ఆ కంపెనీ పేరు కూడా మళ్ళీ మేసన్స్ అయింది. తరవాత వెడ్జ్‌వుడ్ గ్రూపులో కలిసింది. ఆ ఫ్యాక్టరీ యిప్పుడు లేదు.

ఈ పిట్ట ఏ వూరిది?

నాయనమ్మ పుట్టిల్లు కొల్లేటి పక్క. గూడబాతుల్నీ, ఎర్రకాళ్ళ కొంగల్నీ, నీటికోళ్ళనీ చూస్తూ పెరిగిన మనిషి. నేను అతికించిన పళ్ళేన్ని వోసారి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది మన కొల్లేటి పిట్ట కాదు. ఆ మాటకొస్తే యిది ఎగరనే ఎగరదురా. ఆ తోకేసుకుని ఏం ఎగురుతుంది?" అంది.

పుస్తకాలు తిరగేసినకొద్దీ నాయనమ్మ మాటే నిజమనిపించింది. ఆ పిట్టకి తోక నెమలికి తమ్ముడిది, ముక్కు చిలకది, కాళ్ళు కోడివి. గీసినవాడు అలాంటి పిట్టని ఎప్పుడూ చూడలేదు. చైనావాళ్ళు తమ పింగాణీ మీద ఫెజెంట్లనీ, ఫీనిక్సుల్నీ గీశారు. స్టాఫర్డ్‌షైర్ పనివాడు ఆ బొమ్మ చూసి తన ఫక్కీలో గీశాడు. పక్క ఫ్యాక్టరీవాడు యితన్ని చూసి గీశాడు. యూరపులో పుట్టిన యీ చైనా వేషానికి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు 'షినువాజరీ'. మన డబ్బింగు సినిమా లాంటిదన్నమాట. మాట ఒకరిది, పెదాలు ఇంకొకరివి.

ఐతే యీ డబ్బింగులో మన గొంతు కూడా కొంచెం కలిసి వుందంటే నమ్ముతారా?

ఇంగ్లీషువాళ్ళు 1611లో బందర్లో వర్తకస్థావరం పెట్టారు. ఆ కోస్తా నించి ఓడలకెక్కిన సరుకుల్లో అద్దకం బట్ట ముఖ్యం. ఇప్పుడు మనం కలంకారీ అంటున్నదే! పెద్ద పెద్ద దుప్పట్లు, మంచాల తెరలు. వాటి మధ్యలో కొండ మీంచి లేచే వంకర చెట్టు, చెట్టు నిండా లోకంలో ఎక్కడా లేని పూలు, కొమ్మల్లో పొడుగు తోక పిట్టలు. లండన్ వర్తకులు యిలా కావాలంటూ నమూనాలు పంపేవారు. ఆ నమూనాల్లో సగం చైనా రుచి. మన అద్దకంవాళ్ళు వాటిని తమ చేతివాటంతో తిరగరాశారు. అక్కడ ఆ బట్టల మీద ఎంత మోజు పెరిగిందంటే, యింగ్లండు నేతగాళ్ళు గోలపెడితే పార్లమెంటు 1700లో వోసారీ, 1721లో మరోసారీ చట్టాలు చేసి అడ్డుకోవాల్సి వచ్చింది. ఈ బట్టలు కొన్ని లండన్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా వున్నాయి. ఆ కొండా, ఆ చెట్టూ, ఆ పిట్టా మా పళ్ళెంలోని రాయికీ, కొమ్మకీ, పిట్టకీ దూరపు చుట్టాలే. కొల్లేటికి అవతలి పక్క పెడనలో చెక్క అచ్చులతో బట్టకి అద్దకం యిప్పటికీ వేస్తున్నారు. ఎప్పుడైనా వెళ్ళినప్పుడు పిట్ట అచ్చు ఏదైనా చేతిలోకి తీసుకుని తోక చూడండి.

ఇంకో తమాషా. చైనా లక్క తెరల్ని యూరపు వాళ్ళు 'కోరమాండల్ తెరలు' అంటారు. కోరమాండల్ అంటే మన తూర్పుతీరం. ఆ తెరలు యిక్కడ తయారు కాలేదు. ఇక్కడి రేవుల్లో ఓడ మారాయి, అంతే. పేరు మాత్రం మనది నిలిచిపోయింది.

బొమ్మ పళ్ళెం మీదికి ఎక్కే పద్ధతి కూడా అచ్చే. రాగిరేకు మీద గీతలు చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితం మీదికి దించి, ఆ కాగితాన్ని కాల్చిన పళ్ళేనికి అంటించి బ్రష్షుతో రుద్దుతారు. కాగితం కడిగేస్తే గీతలు మిగుల్తాయి. ఆపైన గాజుపూత వేసి మళ్ళీ కాలుస్తారు. రంగుల పిట్టలైతే ఆ గీతల మధ్య ఆడవాళ్ళూ, చిన్నపిల్లలూ కూర్చుని చేత్తో రంగులు నింపేవారు. మా పళ్ళేల్లో ఒకదాని మీద పిట్ట రెక్క దాటి ఎర్రరంగు కొమ్మ మీదికి పోయింది. ఏ పన్నెండేళ్ళ పిల్లకో నిద్రొచ్చి వుంటుంది! నాకు ఆ పళ్ళెమే ఎక్కువ యిష్టం.

మరి పళ్ళెం మీది పిట్టలన్నిట్లోకీ సూపర్‌స్టార్లెవరంటే 'విల్లో' పళ్ళెంలోని జంట పావురాలు. వాటి కథ వినండి, అచ్చం మన సినిమాయే. చైనాలో ఓ పెద్ద అధికారి. ఆయన కూతురు కూంగ్-సే, ఆయన దగ్గర గుమాస్తా చాంగ్. ఇద్దరికీ ప్రేమ. తండ్రికి తెలిసి గుమాస్తాని తరిమేసి, పిల్లని ఓ డబ్బున్న ప్రభువుకిచ్చి చెయ్యబోతాడు. పెళ్ళి వేళకి చాంగ్ వచ్చి పిల్లని లేవదీసుకుపోతాడు. వంతెన మీద ముందు అమ్మాయి, వెనక నగల పెట్టెతో అబ్బాయి, ఆ వెనక కొరడాతో తండ్రి! చివరికి యిద్దరూ ప్రాణాలు పోగొట్టుకుంటే దేవతలు కరుణించి పావురాల్ని చేస్తారు. తండ్రిగా యస్.వి. రంగారావు, గుమాస్తాగా నాగేశ్వర్రావు, కూతురిగా సావిత్రి, ఆ ప్రభువుగా రాజనాల... డైరెక్షను ఏలూరు పక్క సోమవరప్పాడులో పుట్టిన యల్వీ ప్రసాద్ గారికి అప్పగిస్తే నూర్రోజులకి ఢోకా లేదు!

ఇంతకీ యీ కథ చైనాది కాదు. విల్లో బొమ్మ యింగ్లండులో 1790ల్లో పుట్టింది. కథ 1849లో ది ఫ్యామిలీ ఫ్రెండ్ అనే యింగ్లీషు పత్రికలో అచ్చయి దేశమంతా పాకింది. ముందు స్టిల్సు తీయించి, యాభై ఏళ్ళ తర్వాత స్టోరీ రాయించుకున్నట్టు!

ఎవరు తిన్నారు?

ఒక సంగతి చెప్పకుండా దాటేస్తే బాగుండదు. ఆ పళ్ళేల్లో మావాళ్ళెవరూ తినలేదు.

పళ్ళేన్ని దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే మధ్యలో సన్నటి కత్తిగీతలు కనిపిస్తాయి. అవి దొరగారింటి గీతలు. మా యింటికొచ్చాక కొత్త గీత ఒక్కటి పడలేదు. పింగాణీ మా వంటింటి గడప దాటేది కాదు. వసారాలో వేరే గూడు. క్యాంపుకొచ్చిన ఆఫీసర్లకీ, మిషను స్కూలు పంతులుగారికీ, జ్వరాలప్పుడు వచ్చే ముస్లిం డాక్టరు గారికీ వాటిలో వడ్డించి, తర్వాత దొడ్లో విడిగా కడిగించేవారు. "వచ్చిన పెద్దమనిషికి మర్యాద" అని పెద్దనాన్న అనేవారు. నాయనమ్మ అంత నాజూకుగా చెప్పేది కాదు. "మడి కోసం రా, మర్యాదేంటి! మన కంచాల్లో పెట్టకూడదని" అనేది. నాయనమ్మ మాటే నిజం. పొలంలో పనిచేసే వాళ్ళకైతే ఆ పళ్ళెం కూడా లేదు, ఆకులోనే.

ఆ డాక్టరు గారికి సంగతి తెలుసో తెలీదో! తెలిసే వుంటుంది. అద్దాల బీరువాలో అవి తళతళలాడుతూంటే చూసి మెచ్చుకునేవాళ్ళతో నేనీ సంగతి కూడా చెప్తుంటాను. కొంతమందికి నచ్చదు.

మీకూ సరదా వుంటే...

నా దగ్గర యిప్పుడు 31 వస్తువులున్నాయి. అన్నీ మేసన్ కావు. లేతనీలం రంగులో 'ఏషియాటిక్ ఫెజెంట్స్' అని ఓ డిజైనుంది. విక్టోరియా రాణి కాలంలో చాలా ఫ్యాక్టరీలు దాన్ని తీశాయి. అందులో వెడల్పాటి పళ్ళెం ఒకటి కైకలూరులో తెలిసినవాళ్ళింట్లో దొరికింది. గుమ్మడి వడియాలు ఎండబెడుతున్నారు దాంట్లో. ఓ సాసరు హైదరాబాదు జుమ్మేరాత్ బజార్లో, యినప బోల్టుల కుప్ప పక్కన దొరికింది. మద్రాసులో మూర్ మార్కెట్ వుండి వుంటే యింకెన్ని దొరికేవో! పాత పుస్తకాలకీ వింత వస్తువులకీ పేరుపడ్డ ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది.

మొదలుపెట్టేవాళ్ళు డిన్నర్ సెట్టు జోలికి పోవద్దు. ఓ సాసరుతో మొదలెట్టండి. వేలి కణుపుతో అంచు మీద కొట్టండి. మంచిదైతే ఖంగుమంటుంది. బీటలుంటే బొంగురు గొంతు. దీపానికి అడ్డం పట్టండి. అసలు పోర్సలీనులోంచి వెలుగు కనిపిస్తుంది, మీ వేళ్ళ నీడ కూడా కనిపిస్తుంది. ఐరన్‌స్టోనులోంచి కనపడదు. అంచు చుట్టూ బొమ్మ వెంబడి వేలు జరుపుకుంటూ పొండి, ఎక్కడో ఒకచోట అచ్చుకాగితం అతుకు తప్పకుండా తగులుతుంది. పూలు సగంలో తెగి వుంటాయి. అతుకు ఎక్కడా లేకుండా మరీ శుభ్రంగా వుంటే అనుమానించండి. వెనక వజ్రం ఆకారంలో ముద్ర వుంటే ఆ డిజైను 1842కీ 1883కీ మధ్య రిజిస్టరైందని గుర్తు. 'మేడిన్ ఇంగ్లండ్' అని పూర్తిగా వుంటే యిరవయ్యో శతాబ్దం సరుకై వుంటుంది. అదీ అందమైనదే, కాకపోతే కుంఫిణీ ధర యివ్వకండి.

ఇక గోడకి తగిలించే స్ప్రింగు తీగలుంటాయి చూశారూ, అవి అంచుని పట్టుకుని లాగుతూనే వుంటాయి. ఏళ్ళు గడిచాక ఓ రాత్రి పళ్ళెం దానంతటదే పగులుతుంది. బ్లీచింగు ద్రావకంలో నానబెట్టడం అంతకన్నా పాపం. అన్నిటికంటే ముఖ్యం: ఆ కాలం గాజుపూతల్లో సీసం వుండేది. పులుపు తగిలితే అది దిగుతుంది. అంచేత పాత పింగాణీలో పులుసూ, ఊరగాయా, నిమ్మకాయా పెట్టొద్దు. చూసుకోండి, ముట్టుకోండి, తినకండి.

మూడు వస్తువులు, ముగ్గురు అన్నదమ్ములు

పళ్ళేలతో పాటు దొరగారి పెట్టెలో ఓ పెద్ద సూపు గిన్నె వచ్చింది. ఇంగ్లీషులో టురీన్ అంటారు. కడవంత గిన్నె, రెండు పక్కలా చెవులు, పైన గోపురంలాంటి మూత, కింద దానికే ప్రత్యేకంగా ఓ పళ్ళెం. మా నాన్నా, పెద్దనాన్నా, బాబాయీ విడిపోయినప్పుడు ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని పంపకాలు చేశారు. పొలం అయింది, యిల్లయింది, బిందెలూ గంగాళాలూ అయినాయి. పింగాణీ దగ్గరికొచ్చేసరికి చీకటి పడింది. లెక్క రాసే ఆయన, "గిన్నె ఒకటి, మూత ఒకటి, కింద పళ్ళెం ఒకటి. వస్తువులు మూడు, వాటాదార్లు ముగ్గురు" అని రాసేశాడు. సరిగ్గా సరిపోయింది! గిన్నె మా నాన్నకి. పళ్ళెం పెద్దనాన్నకి. మూత బాబాయికి. బాబాయి దాన్ని పంచెలో చుట్టుకుని తాడేపల్లిగూడెం పట్టుకుపోయాడు.

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, పెళ్ళి చేసుకోలేదు. ఉన్న డబ్బంతా వస్తువులకే పోశాడు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు మ్యూజియం తెరిచారు. ఆయన వారసులు కోర్టు రాజీ మీద 1958లో వస్తువులన్నిటినీ కేంద్ర ప్రభుత్వానికి యిచ్చేశారు. అంత ఆస్తి వుండి కూడా మూతలూ గిన్నెలూ పంచుకోలేదు! అందుకే డ్రెస్డెన్, సేవ్ర్, వెడ్జ్‌వుడ్ పింగాణీని మీరూ నేనూ టిక్కెట్టు కొనుక్కుని ఒక్కచోట చూడగలుగుతున్నాం.

మా పెద్దనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీలో వుంటాడు. కింద పళ్ళెం గుండుగొలను యింట్లోనే వుంది. అతనోసారి ఫోన్ చేసి, "గిన్నె, మూత సంపాదించి పెట్టు తమ్ముడూ, మూడూ కలిపి నేనిక్కడికి తెచ్చుకుంటా" అన్నాడు. నూరేళ్ళు దాటిన పాత వస్తువుల్ని మనంతట మనం దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదని చెప్పాను. "నూరేళ్ళయిందని ఎవరన్నారు?" అన్నాడు. "మీ నాన్నగారే, రెండొందలన్నారుగా" అన్నాను. మళ్ళీ ఫోన్ రాలేదు.

గిన్నె మీద నాలుగు పిట్టలున్నాయి. మెడ పైకెత్తిన పిట్టలు రెండూ ఖాళీ అంచుకేసి చూస్తుంటాయి. వాటి ఎదురుపిట్టలు మూత మీద వున్నాయి. మొన్న కార్తీకమాసంలో గిన్నె అంచు కొలత కాగితం మీద రాసుకుని గూడెం బయల్దేరాను.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. పిన్ని వొక్కతే వుంటుంది. మూత ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకపోయింది. వంటింట్లో ఆవకాయ జాడీ మీద బోర్లించి వుంది. పైన పూవు ఆకారం పిడి, చుట్టూ నాలుగు పిట్టలు కిందికి చూస్తూ! వంటింటి గడప దాటిన పింగాణీ మా వంశంలో అదొక్కటే. టేపు పెట్టి కొలిచాను. అచ్చంగా సరిపోయింది. నా గుండె దడదడలాడిపోయింది.

"పిన్నీ, ఆ మూత..." అన్నాను.

"దానికేం వచ్చింది? ముప్ఫై ఏళ్ళనించి ఆవకాయకి కాపలా కాస్తోంది."

"నీకు మంచి జాడీ మూత, సరిగ్గా పట్టేది కొనిపెడతాను. ఇది నాకిచ్చెయ్యి."

"పంపకాల్లో మీ బాబాయి తెచ్చిన వాటిల్లో నాకు నచ్చింది యిదొక్కటే. పొలం అమ్ముకు తిన్నాం, బిందెలు మార్చేశాం. ఇది మిగిలింది." స్టవ్వు తగ్గించి నాకేసి తిరిగింది. "ఇంతకీ ఆ గిన్నెలో ఏం పెడుతున్నావ్?"

"ఏం పెట్టట్లేదు. బీరువాలో వుంది."

"మరి ఖాళీ గిన్నెకి మూతెందుకురా?"

నా దగ్గర జవాబు లేదు. సెట్టు పూర్తి కావడం అంటే ఏమిటో, విడిపోయిన వస్తువు విలువెంతో, కలిసిన వస్తువు విలువెంతో కాసేపు చెప్పాను. పిన్ని వింటూనే దోసకాయలు తరిగింది. అంతా అయ్యాక, "గిన్నె యిక్కడికి పట్టుకురా. వాడుకలో వున్నది మూత. దాని దగ్గరికి గిన్నె రావాలి గానీ, అది నీ బీరువాలోకెందుకు రావాలి?" అంది.

తిరుగు బస్సులో ఆలోచించాను. నా దగ్గరున్న 31 వస్తువుల్లో అసలైనది ఆ గిన్నే. అది వెళ్ళిపోతే బీరువాలో మధ్య అర ఖాళీ. అయినా పిన్నికి ఫోన్ చేసి, సంక్రాంతికి గిన్నె పట్టుకొస్తానని చెప్పాను. ఒక్క షరతు పెట్టాను: అందులో పులుసు పొయ్యకూడదు, చింతపండు తగలనివ్వకూడదు. సీసం సంగతంతా వివరంగా చెప్పాను. పిన్ని వెంటనే ఒప్పుకుంది.

"అయితే పెరుగు తోడేసుకుంటాలే" అంది.

పెరుగు కూడా పులుపే కదా పిన్నీ అంటే, కమ్మటి పెరుగు పులవదంటుంది. ఆ విషయం యింకా తేలలేదు.